ఎలుకలెందుకు, మేం లేమా?

1936 ఏప్రిల్ 1న మా పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అదే ఏడు జూలై 4న, మాంట్రియల్‌లో ఎలుకల మీద పనిచేసే హాన్స్ సెల్యే రాసిన చిన్న ఉత్తరం 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఈ రెంటికీ సంబంధం లేదనేవాళ్లు మా ఊరి ఆఫీసు వరండాలో ఒక్కసారైనా నిలబడి ఉండరు.

సెల్యే వెతికింది కొత్త హార్మోను. ఆవుల అండాశయాల రసం తీసి ఎలుకలకు ఎక్కించాడు. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి ముడుచుకుపోయింది, కడుపులో పుండ్లు లేచాయి. దొరికిందిరా హార్మోను అనుకున్నాడు పాపం. తీరా చూస్తే శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ పొడిచినా అవే పుండ్లు, చలిలో పెట్టినా అవే. దేంతో పొడిచారన్నది ఎలుక కడుపుకి అనవసరమట, టెన్షన్ పడితే చాలట.

మాకూ అంతే. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే "మీరు ఒడిశా వాళ్లు కదండీ" అంటారు. ఇవతలికొస్తే తెలుగోళ్లం. మంట మాత్రం ఒక్కటే.

మా నాన్నగారి పేరులోని 'వెంకట' ఒక కాగితంలో 'బెంకట' అయింది. సరిచేయించడానికి ఆర్నెల్లుగా తిరుగుతున్నాను. గుమస్తాగారు తలెత్తకుండా "కాలి ఆసన్తు" అంటారు. ఒడియాలో 'ఆసన్తు' అంటే రండి. 'కాలి' అంటే మాత్రం రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. నేను ఏ రోజు రావాలో మీరే చెప్పండి! కరెంటు షాక్‌కి ముందు బీప్ వినిపించిన ఎలుకలకు పుండ్లు తక్కువ పడ్డాయని జే వైస్ అనే శాస్త్రవేత్త తర్వాత చూపించాడు. మా గుమస్తాగారి దగ్గర బీపూ లేదు, గంటా లేదు.

కాబట్టి శాస్త్రవేత్తలకు నా మనవి. ఎలుకను బోనులో బిగించాలంటే మీకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ముందురోజు నుంచి దాన్ని పస్తు పెట్టాలి. మేం మొదటి బస్సుకే ఖాళీ కడుపుతో దిగుతాం. క్యూలో మమ్మల్ని మేమే బిగించుకుంటాం. హార్మోను కూడా సొంతానిదే. కమిటీ ఊసే లేదు.

ఒక్కటే చిక్కు. మనుషుల్లో చాలా పుండ్లకు అసలు కారణం టెన్షన్ కాదు, బ్యాక్టీరియా అని పట్టుకున్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చేశారు. ఈ సంగతి మందుల షాపు కుర్రాడికి వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, గులాబీ రంగు సిరప్ సీసా కవర్లో పెడుతూ అడిగాడు:

"ఇంతకీ బెంకట పని అయిందా మాస్టారూ?"