పిల్లిని అడగడమేమిటి?

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు పెద్దలు. ఆ పిల్లే సింహానికీ ఎలుగుబంటికీ మధ్య చిక్కితే ఏమనాలో మాత్రం చెప్పలేదు. ఆ లోటు 1907 అక్టోబరు 2న లండన్ ‘పంచ్’ పత్రిక తీర్చింది. లిన్లీ శాంబోర్న్ గీసిన బొమ్మలో బ్రిటిష్ సింహం రష్యా ఎలుగుబంటితో బేరం కుదుర్చుకుంటుంది: తలతో నువ్వు ఆడుకో, తోకతో నేను ఆడుకుంటా, నడుం మాత్రం ఇద్దరం నిమురుదాం. పర్షియా (నేటి ఇరాన్) పిల్లి గొణుగుతుంది, దీనికి నేను ఒప్పుకున్నట్టు గుర్తులేదే అని.

నా అభ్యంతరం ఇక్కడే. పిల్లి చేత మాట్లాడించడం ఏం మర్యాదండీ?

ఆగస్టు 31న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అసలు ఒప్పందం రాసుకున్న పెద్దమనుషులు ఇలాంటి పొరపాటు చెయ్యలేదు. పర్షియా సమగ్రతనూ స్వాతంత్ర్యాన్నీ గౌరవిస్తామని మొదటే ఒట్టేసుకుని, ఆ కలంతోనే ఉత్తరం రష్యాకు, ఆగ్నేయం ఇంగ్లండుకు, నడిమి భాగం ఇద్దరికీ అని గీత గీశారు. గౌరవం లేకపోతే ఇంకెంత పోయేదో! టెహ్రాన్‌లో ఏడాది కిందటే పార్లమెంటు వెలిసిందట, దాన్ని అడగలేదట. పొలం పంచుకునేటప్పుడు అన్నదమ్ములు కూర్చుంటారు గానీ, పొలాన్ని పిలిచి పీట వేస్తారా?

సింహం స్నేహం మనకూ తెలియనిది కాదు. 1800లో నిజాం నవాబు దాని సైన్యం ఖర్చుల కింద బళ్లారి, కడప సీమలు రాసిచ్చాడు. వాటికి దత్తమండలాలని పేరు పడింది. ఆ పేరు మాకొద్దు, మాది రాయలసీమ అని అక్కడివాళ్లు నోరు తెరిచేసరికి 1928, నంద్యాల సభ. అక్కడ పిల్లి నూట ఇరవై ఎనిమిదేళ్లు ఓపిక పట్టింది. పర్షియా పిల్లికి రెండు నెలలైనా ఆగాలనిపించలేదు.

ఇంతకీ ఆ నడుం సంగతి. 1908 మేలో పర్షియాలోని మస్జిద్ సులేమాన్ దగ్గర చమురు ఎగజిమ్మింది. అది ఏ వంతులోదో కాదు, ఇద్దరూ నిమరాల్సిన ఆ నడుంలోదే. 1915లో గుట్టుగా ఇంకో కాగితం రాసుకున్నారు. నడుం కూడా సింహానిదే అయింది. మరి ఎలుగుబంటి అలగదా? దానికి ఇస్తాంబుల్ ఇస్తామన్నారు. ఊరు టర్కీవాళ్లది. వాళ్లనూ అడగలేదు.