చాక్లెట్ బార్క్ గారికి, ఏలూరు వంటింటి నుంచి

చాక్లెట్ బార్క్ గారికి,

నమస్కారాలు. మీరు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన క్షేమమని తలుస్తాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడదామంటే రెండు నిమిషాల్లో ప్లేటుకి అంటుకుపోతారు, అందుకే ఈ ఉత్తరం.

మిమ్మల్ని చెయ్యడం పిల్లలాట అన్నారు. చాక్లెట్ కరిగించి బటర్ పేపర్ మీద పరిచి, పైన బాదం, పిస్తా, జీడిపప్పు, కిస్మిస్ చల్లి, గట్టిపడ్డాక చేత్తో విరిచేయడమే. ముక్కలు వంకరగా వస్తేనే అందమట. ఇరవై ఏళ్ళుగా నా వేరుశెనగ అచ్చు వంకరగానే విరుగుతోంది, ఒక్కరూ అందమనలేదు. మీ పేరుకి చెట్టు బెరడని అర్థం చెబితే మా అత్తగారు, "బెరడు మీద బాదంపప్పెందుకమ్మాయ్?" అన్నారు.

మొదటి గొడవ నీళ్ళ దగ్గర వచ్చింది. కరిగేదేదైనా అత్తగారికి పాకమే, పాకమంటే నీళ్ళలో వేసి చూడాల్సిందే. చెంచాతో కాస్త తీసి నీళ్ళ పళ్ళెంలో వేసి, వేలితో నొక్కి, అదే తడి చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టారు. నాలుగు చుక్కలు! అప్పటిదాకా పట్టులా జారుతున్న మీరు బిగుసుకుపోయి తడి ఇసుకలా తయారయ్యారు. ఇంత నీటి భయం ఉన్నవారు గోదావరి జిల్లాలో ఎలా పుట్టారండీ?

అవును, మీ పుట్టిల్లు నాకు తెలుసు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మా రాష్ట్రంలోనే. మా బాబాయి తోటలో కొబ్బరిచెట్ల నీడన పెరిగినవారే మీరు. కాయ కొట్టి, గుజ్జుతో సహా గింజల్ని ఐదారు రోజులు పులియబెట్టి, మా ఎండలోనే ఎండబెడతారు. అప్పుడు నోరెత్తలేదు. రంగు కాగితం చుట్టుకుని వచ్చాక మాత్రం 34 డిగ్రీలకే సొమ్మసిల్లుతున్నారు. మే నెలలో మా వంటింట్లో నేను అంతకన్నా ఎక్కువ వేడిలోనే నిలబడి పప్పు తాలింపు పెడతాను.

మీ కోసం థర్మామీటర్ కొన్నాను. మా ఇంట్లో జ్వరం వచ్చినా చెయ్యి పెట్టే చూస్తాం! 45 డిగ్రీలకి కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి వేడి చెయ్యాలట. మీలోని కోకో వెన్న ఆరు రకాలుగా గడ్డకట్టగలదట, ఐదో రకం కుదిరితేనే మెరుపూ, టక్కుమనే విరుపూ. 27 డిగ్రీలు మా ఇంట్లో ఒక్క పడగ్గదిలోనే దొరుకుతాయి, ఏసీ వేస్తే. మంచం మీద పేపర్ పరిచి గిన్నె తిప్పుతుంటే మా ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. ఇంతా చేస్తే మర్నాటికి ఒళ్ళంతా తెల్లమచ్చలు. బూజనుకుని అత్తగారు పారెయ్యబోయారు. బూజు కాదు, పైకి తేలిన కొవ్వని నచ్చజెప్పేసరికి సగం ముక్కలు పనమ్మాయి పిల్లలకి వెళ్ళిపోయాయి. వాళ్ళకి మచ్చలతో పేచీ లేదు.

పక్కింటావిడ కాంపౌండ్ చాక్లెట్ వాడమంది. అందులో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది, ఈ డిగ్రీల గోల అక్కర్లేదు. బుద్ధిగా గట్టిపడింది. నోట్లో వేసుకుంటే కొవ్వొత్తి గుర్తొచ్చింది.

ఇంకో మాట. 2024లో బాబాయి గింజలు కిలో వెయ్యి రూపాయలు దాటాయి. మరుసటి ఏడాదికి సగానికి పడి రైతులు రోడ్డెక్కారు. నేను కొనే షాపులో మీ రేటు ఒక్క రూపాయి దిగలేదు. ఒంటికి వేడి తగిలితే కరిగిపోయే మీరు, ధర దగ్గర మాత్రం రాయి.

ఆ ఇసుక గిన్నె సంగతి చెప్పలేదు కదూ. అత్తగారే దాంట్లో గ్లాసుడు వేడిపాలు పోసి గరిటెతో తిప్పారు. నాలుగు చుక్కలకి అలిగినవారు గ్లాసుడు పాలకి దారికొచ్చారు. మీ మీద చల్లాల్సిన బాదం, కిస్మిస్ అందులోనే వేసుకుని స్టీలు గ్లాసులతో తాగాం.

ఉంటాను. ఇప్పుడే కరెంటు పోయింది. ఫ్రిజ్ తలుపు తియ్యొద్దని పిల్లలకి చెప్పాను. మీరు పెరుగు గిన్నెకి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చోండి.

ఇట్లు,
మీ పుట్టింటి ఊరి మనిషి