ఫ్లాస్క్‌లో అయినది రియాక్టర్‌లో ఎందుకు కాదు?

పొద్దున్నే మియాపూర్, కూకట్‌పల్లి రోడ్ల పక్కన కంపెనీ బస్సు కోసం నిలబడే కుర్రాళ్లలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివినవాళ్లు చాలామందే ఉంటారు. బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం వైపు పోతారు. 'ఆర్ అండ్ డీ'లో చేస్తున్నాడంటే ఇంట్లోవాళ్లు కొత్త మందు కనిపెడుతున్నాడనుకుంటారు. ఎక్కువమంది చేసేది ప్రాసెస్ డెవలప్‌మెంట్. అంటే తెలిసిన మందునే తక్కువ ఖర్చుతో, శుభ్రంగా, టన్నుల్లో తీసే దారి వెతకడం.

దీన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. హైదరాబాద్ ఫార్మా ఎదిగిందే దీని మీద. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాకుండా దాన్ని చేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. వేరే దారి దొరికితే ఎవరైనా చేసుకోవచ్చు. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టింది ఆ రోజుల్లోనే. 2005లో మందుకే పేటెంట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది, పని మాత్రం పోలేదు.

అసలు కష్టం స్కేలప్‌లో, అంటే ల్యాబ్‌లో చేసినదాన్ని ప్లాంట్ స్థాయికి పెంచడంలో ఉంది. లీటరు ఫ్లాస్క్ నుంచి అదే ఆకారంలో ఉన్న వెయ్యి లీటర్ల రియాక్టర్‌కు వెళ్తే సరుకు వెయ్యి రెట్లవుతుంది, వేడిని లాగే గోడ వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది. అందుకే ల్యాబ్‌లో ఐస్‌బాత్‌లో పది నిమిషాల్లో పోసేసిన రీఏజెంట్‌ను (రియాక్షన్ జరిపే రసాయనాన్ని) ప్లాంట్‌లో గంటల తరబడి కొద్దికొద్దిగా వేయాలి. ఆ గంటల్లోనే ల్యాబ్‌లో ఎన్నడూ చూడని ఇంప్యూరిటీ (అక్కర్లేని మలినం) పుట్టొచ్చు. రోటాలో (ల్యాబ్‌లో ద్రావకాన్ని ఆవిరి చేసే పరికరంలో) పొడిగా ఎగరగొట్టడం అలవాటైనవాడికి, రియాక్టర్‌లో మట్టం స్టిర్రర్ కిందికి పోతే కలిపేదే ఉండదని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

దారి మార్చడమూ చిన్న విషయం కాదు. 2018లో బయటపడ్డ బీపీ మందు వాల్సార్టాన్ గొడవ చూడండి. చైనాలో ఒక తయారీదారు ప్రాసెస్ మార్చాడు. రియాక్షన్‌లో మిగిలిన అజైడ్ అనే రసాయనాన్ని తీసేయడానికి వేసిన నైట్రైట్, డీఎంఎఫ్ అనే సాల్వెంట్‌తో (ద్రావకంతో) వచ్చిన డైమిథైలమైన్‌తో కలిసి ఎన్‌డీఎంఏ అయింది. క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఆ పదార్థం బీపీ మాత్రల్లోకి చేరి, దేశదేశాల్లో మందును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈల్డ్ లెక్క, అంటే ఎంత సరుకు చేతికొచ్చిందన్నది ఒక్కటే చూస్తే ఇలాంటిది కంటికి ఆనదు.

మన అప్రైజల్‌లో మాత్రం మొదటి ప్రశ్న ఈల్డ్ ఎంత అనే. ఫెయిలైన బ్యాచ్ గురించి రాసిన పేజీకి మార్కులుండవు. అందుకే అది నోట్‌బుక్‌లోనే మిగిలి, మనిషి కంపెనీ మారగానే మరుగున పడుతుంది. తర్వాత వచ్చినవాడు అదే బ్యాచ్‌ను మళ్లీ పాడుచేస్తాడు. ఇంటర్వ్యూలో శాస్త్రవేత్తల పేర్లతో పిలిచే నేమ్ రియాక్షన్లు గుక్కతిప్పుకోకుండా చెప్పే కుర్రాడిని, తన బ్యాచ్‌లో కేక్, అంటే వడపోతలో మిగిలే ముద్ద, ఫిల్టర్ కావడానికి ఎంతసేపు పట్టిందని నేను అడుగుతుంటాను. ఎక్కువమంది నా మొహం చూస్తారు.