ఈవీ కొనే ముందు కారు కాదు, పార్కింగ్‌లో ప్లగ్ చూసుకోండి

వారానికి ఒకళ్ళయినా ఫోన్ చేసి అదే అడుగుతున్నారు, ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు తీసుకోమంటావా పెట్రోలే తీసుకోమంటావా అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, కొనే ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం పూర్తిగా చదవండి.

ముందు నా లెక్క. హైదరాబాద్‌లో నిజాంపేట నుంచి ఆఫీసుకి, పిల్లల స్కూలుకి, అటూ ఇటూ కలిపి నెలకి 1300 కిలోమీటర్లు తిరుగుతా. పాత పెట్రోల్ కారు సిటీ ట్రాఫిక్‌లో లీటరుకి 12 ఇచ్చేది, లీటరు 107 రూపాయలు వేసుకున్నా నెలకి పదకొండున్నర వేలు. ఇప్పుడు ఈవీకి ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి నెలకి 200 యూనిట్లు పడుతున్నాయి. ఇంటి కరెంటుతో పెడితే, 300 యూనిట్లు దాటాక యూనిట్ 9 రూపాయలు, ఆపైన పడుతుంది కాబట్టి, పై స్లాబు రేటే వేసుకున్నా 1900. అంటే నెలకి తొమ్మిదిన్నర వేలు మిగలాలి. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, సర్వీసు ఖర్చు కూడా తక్కువే.

కొనేటప్పుడు తేడా కూడా అందరూ అనుకునేంత లేదు, కనీసం తెలంగాణలో. పది నుంచి ఇరవై లక్షల మధ్య పెట్రోల్ కారుకి లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్, 17-18 శాతం, ఈవీకి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు. 12 లక్షల పెట్రోల్ కారు మీద ట్యాక్సే రెండు లక్షలు, కాబట్టి షోరూంలో మూడు లక్షలు ఎక్కువ కనపడ్డ ఈవీ రోడ్డు మీదకి వచ్చేసరికి లక్షే ఎక్కువ. 2025 సెప్టెంబర్‌లో చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 శాతం ప్లస్ సెస్ నుంచి 18 శాతానికి దించారు, దాంతో తేడా మళ్ళీ కొంచెం పెరిగింది, అది కూడా చూసుకోండి. నెలకి 400 కిలోమీటర్లు కూడా తిరగని వాళ్ళకి ఈ లెక్క ఏదీ పనికిరాదు, హాయిగా పెట్రోల్ తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. పైన చెప్పిన 1900 నాకు ఒక్క నెల కూడా రాలేదు.

నాది సొంత ఫ్లాటే, సెల్లార్‌లో నా నంబరు రాసిన పార్కింగ్ ఉంది. మీటర్ ప్యానెల్ నుంచి నా పార్కింగ్ పిల్లర్ దాకా కేబుల్ లాగి 15 ఆంప్స్ పాయింట్ పెట్టుకుంటానంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వద్దంది. నా మీటర్ నుంచే, నా బిల్లులోనే, వైరు ఖర్చు కూడా నాదే. ఎలక్ట్రీషియన్ వచ్చి టేపు పట్టి కొలిచాడు కూడా, 18 మీటర్లు, ఎర్తింగ్ విడిగా తీసుకుంటా, లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ విడిగా పెడతా అన్నాడు. ఆ సాయంత్రమే మీటింగ్ పెట్టి, బ్యాటరీ కాలితే బిల్డింగ్ మొత్తానికి ప్రమాదం అని ఆపేశారు. అదే సెల్లార్‌లో ముప్పై ట్యాంకుల పెట్రోల్ నిలబడి ఉంది, మూలన జనరేటర్ పక్కన డీజిల్ క్యాన్లు ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. భయం నిజంగా ఉంటే మంచి వైరింగ్ అడగాలి కదండీ, అసలు పెట్టొద్దంటే జనం కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేలాడదీస్తారు, అసలు ప్రమాదం అదీ. కొత్త బిల్డింగుల పార్కింగ్‌లో 20 శాతం ఈవీ ఛార్జింగ్‌కి రెడీగా ఉంచాలని కేంద్రం 2019లోనే మోడల్ బైలాస్‌లో, అంటే రాష్ట్రాలకిచ్చే నమూనా బిల్డింగ్ నియమాల్లో పెట్టింది, పాత అపార్ట్‌మెంట్లలో ఉన్న మనలాంటి వాళ్ళ గతి మాత్రం కమిటీ మూడ్ మీద ఆధారపడి ఉంది.

దాంతో ఎనిమిది నెలలుగా బయటే ఛార్జింగ్. జీఎస్టీతో కలిపి యూనిట్ 22 దాకా పడుతుంది, నెలకి 4400. డబ్బుల్లో చూస్తే ఇప్పటికీ పెట్రోల్ కంటే ఏడు వేలు తక్కువే, కాదనను. కానీ నెలకి ఏడెనిమిది సార్లు, వెళ్ళినప్పుడల్లా గంట, క్యూ ఉంటే గంటన్నర. నెలకి పది గంటలు, పాప నిద్రపోయే టైమ్‌కి ఇంట్లో ఉండాల్సిన గంటలు అవి.

సంక్రాంతికి గుంటూరు వెళ్ళేటప్పుడు ఇంకో పాఠం. ఏసీ వేసి వందలో పోతే నా కారు ఒక్క ఛార్జ్‌తో గుంటూరు చేరడం కష్టం, సూర్యాపేట దగ్గర ఆపాల్సిందే. అక్కడ రెండు ఛార్జింగ్ గన్‌లు, ఒకటి పనిచేయట్లేదు, ముందు మూడు కార్లు. అందరం రిపేర్ అనుకుని వదిలేశాం, గంట తర్వాత ఒకాయన వచ్చి చూస్తే ఎవరో ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కి వదిలేశారు. దాన్ని కుడివైపుకి తిప్పితే బయటికొస్తుంది, మెషిన్ మళ్ళీ మొదలైంది. చూసుకోడానికి అక్కడ ఒక్క మనిషి లేడు. అమ్మ షుగర్ పేషెంట్, అప్పటికి మధ్యాహ్నం మూడు, ఆవిడ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అదే మా బావది గుంటూరులో సొంతిల్లు, వాకిట్లోనే ప్లగ్. రాత్రి పడుకునేముందు పెడతాడు, పొద్దున్నకి పాతిక యూనిట్లు ఎక్కుతాయి, రోజంతా తిరిగినా అయిపోవు. రెండేళ్ళలో బయట ఛార్జింగ్ పెట్టింది నాలుగుసార్లు. ఆయనదీ నా కారు లాంటిదే, అదే మోడల్, కానీ ఆయనకి వరం. అద్దె ఇంట్లో ఉండి పార్కింగ్ గ్యారంటీ లేనివాళ్ళు, రోడ్డు మీద పెట్టుకునేవాళ్ళు దయచేసి యూట్యూబ్ వీడియోలు చూసి అడ్వాన్స్ కట్టకండి. ముందు ఓనర్ దగ్గరో అసోసియేషన్ దగ్గరో కాగితం మీద పర్మిషన్ తీసుకోండి, నోటిమాట నమ్మి నేను కొన్నా.

వచ్చే ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో మళ్ళీ మీటింగ్ ఉంది, ఈసారి ఇంకో ఇద్దరు ఈవీ బుక్ చేసినవాళ్ళు నాతో ఉన్నారు. మీ దగ్గర సబ్ మీటర్‌తోనో విడి ఈవీ మీటర్‌తోనో ఒప్పుకున్న అసోసియేషన్ ఉంటే, ఆ తీర్మానం కాపీ నాకు పంపండి, శనివారం లోపు అందితే ప్రింట్ తీసి అందరికీ పంచుతా.