వధువు కావలెను, ఎఫ్ 1.8

మా బావ కొత్తగా 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు కొన్నాడు. ఎఫ్ అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం కొలత, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదన్నమాట. కెమెరాతో పాటు వచ్చిన 18-55 జూమ్‌ని ఆ రోజు నుంచీ సవతి బిడ్డలా చూడటం మొదలుపెట్టాడు. రెండింటి షార్ప్‌నెస్ తేల్చేద్దామని ఆదివారం పొద్దున్నే నన్ను పిలిచాడు.

ఇంట్లో అన్నిటికన్నా సన్న అక్షరాలు పేపర్లో పెళ్లి సంబంధాల పేజీవే. టేపు కనబడక దాన్ని హాలు గోడకి అన్నం మెతుకులతో అంటించాడు. కెమెరాని ట్రైపాడ్ మీద గోడకి తిన్నగా నిలిపి, చెయ్యి తగిలి కదలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టాడు. పేపరు రెపరెపలాడుతోందని ఫ్యాను కట్టేయించాడు. బెజవాడలో, మే నెలలో! మా అక్క అన్న మాటలు ఇక్కడ రాయడం బాగోదు.

కొత్త లెన్సుతో ఎఫ్ 1.8లోనే, అంటే రంధ్రం పూర్తిగా తెరిచి తీశాడు. "అంత డబ్బు పోసింది మూసుకోడానికా?" అని తన వాదన. పూర్తిగా తెరిస్తే చాలా లెన్సులకి మూలలు మసకబారతాయి. ఎఫ్ 8 దగ్గర మామూలు లెన్సు కూడా బాగానే పనిచేస్తుంది. మరీ 22 దాకా బిగిస్తే సన్న రంధ్రంలో కాంతి చెదిరి మళ్లీ మసకే. ఇదంతా చెబితే వినలేదు. సరేనని జూమ్‌ని నేనే ఎఫ్ 8లో పెట్టి ఒకటి నొక్కాను.

ఇంతలో బావ వాళ్లమ్మగారు, అంటే మా అత్తయ్య, చిన్నకూతురికి సంబంధాలు వెతుకుతున్నావిడ, "నేనింకా చదవందే!" అంటూ పేజీ లాగేసింది. మెతుకులు పట్టేసిన కింది మూల ముక్కలు ముక్కలైంది. హైదరాబాద్ ఇంజనీరు, సొంతిల్లు, కట్నం వద్దు, ఫోన్ నంబరు, అన్నీ ఆ మూలలోనే.

"కంగారెందుకమ్మా" అని బావ ల్యాప్‌టాప్‌లో ఎఫ్ 1.8 ఫొటో పెద్దది చేశాడు. నడిమధ్య రెండో పెళ్లి డాక్టరుగారి నక్షత్రం, పాదంతో సహా స్పష్టం. మూలనున్న ఇంజనీరు మాత్రం మసక. నంబరు చివర 3 అనుకోవచ్చు, 8 అనుకోవచ్చు.

"మూడే" అన్నాడు బావ, లెన్సు పరువు కోసం.

అత్తయ్య ఫోన్ చేసి మా అమ్మాయి గుణగణాలన్నీ ఏకరువు పెట్టింది. అవతలాయన ఓపిగ్గా విని, "అదంతా బాగానే ఉందమ్మా, మోటారు ఎన్ని హెచ్‌పీ? వైండింగ్‌కి ఎప్పుడు తెస్తారు?" అన్నాడు.

నేను మాట్లాడకుండా జూమ్ ఫొటో తెరిచాను. చివర 8 నిక్షేపంగా ఉంది. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని రెండు ఫొటోలూ మార్చి మార్చి చూసి, "ఒరేయ్, ఆ కొత్తది ఎంత పెట్టి కొన్నావు?" అంది.

అక్క వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. ధర ఆవిడకీ ఇంకా చెప్పలేదట.