ముందు రంగు, తర్వాత రింగు

మా అనంతపురం జిల్లాలో పాత ఆయిల్ ఇంజన్లకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. ఒకప్పుడు బావి గట్టున డగడగమంటూ చెనక్కాయ చేలకు నీళ్లు తోడిన ఒంటి సిలిండర్ ఇంజన్‌ను మా ఊరి పెద్దమనుషులు ముళ్లకంపలోంచి బయటికి లాగి, వారసత్వ సంపద అని పేరు పెట్టి, బాగు చేయడానికి కమిటీ వేశారు. ఇంజన్ దాదాపు మొత్తం ఉందట. లేనివల్లా నాజిల్, ఫ్యూయల్ పంపు, గవర్నర్, పిస్టన్ రింగులు. ఈమాత్రం దానికే పెదవి విరిచేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని 16, 17 వంతుల్లో ఒక వంతుకు నొక్కితే అదే 500 డిగ్రీలు దాటి కాగుతుంది, అందులోకి నాజిల్ డీజిల్‌ను తుంపరగా చిమ్మితే భగ్గుమంటుంది. రింగులు లేకపోతే గాలి పిస్టన్ పక్కనుంచి జారిపోతుంది, అంత వేడి పుట్టదు. నిజమే. కానీ అందువల్లే గదా హ్యాండిల్ చిన్నపిల్లాడు తిప్పినా తిరుగుతోంది, ప్రారంభోత్సవానికొచ్చే ముఖ్య అతిథికి నడుం పట్టేస్తుందన్న టెన్షన్ లేదు! గవర్నర్ సంగతీ అంతే. లోడు తగ్గితే డీజిల్ తగ్గించేది అదే, అది లేని ఇంజన్ పట్టపగ్గాల్లేకుండా వేగం పెరిగి ఫ్లైవీల్ పగిలినా పగలొచ్చు. మాది స్టార్టే కాదు. ఇంత భద్రమైన ఇంజన్ గుత్తి రైల్వే డీజిల్ షెడ్డులో కూడా దొరకదు.

"ముందు పాతినుము అంగళ్లలో రింగులు వెతుకుదామప్పా" అన్న మెకానిక్‌ను కమిటీలోంచి తీసేశారు. సరైన పనే. రింగు లోపలుంటుంది, ఫొటోలో పడదు. అందుకే తుప్పయినా గీకకుండా పచ్చరంగు రెండు పూతలు పూశారు, ట్యాంకు మూత మీద కూడా, ఇప్పుడది ఊడి రావడం లేదు.

ఇంధనం మీద పెద్ద చర్చే నడిచింది. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారని, ఆ ఇంజన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత చెప్పాడు. మరి చెనక్కాయల జిల్లాలో ఇంకో నూనె పోస్తే పరువేం కావాలి? డబ్బా నూనె కొన్నారు. తాగే స్థితిలో ఇంజన్ లేదు గనక మీటింగులప్పుడు బజ్జీలకు వాడుతున్నారు, లెక్కల్లో మాత్రం ట్రయల్ రన్ అని రాస్తున్నారు.

మొన్న ఒక కుర్రాడు లేచి, ఇంజన్ నడిచిందే అనుకుందాం, తోడడానికి నీళ్లెక్కడున్నాయన్నా అని అడిగాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే నేల మాది, ఆ బావి ఎప్పుడో ఎండితే పూడ్చేశారు, ఇంజన్‌కు షెడ్డు వేసింది కూడా సరిగ్గా దానిమీదే. కమిటీ అతని మాటను తీసిపారేయలేదు, దొరకాల్సిన స్పేర్ పార్టుల జాబితాలో నాజిల్ కింద బావిని కూడా చేర్చి రెండో విడత చందాకు రసీదు పుస్తకాలు అచ్చువేయిస్తోంది.