కాలేజీ ఫుట్‌బాల్‌కు డబ్బు కన్నా దూరంతోనే ముప్పు

అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు (ఇది సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) 2017 నుంచి 2023 దాకా వరుసగా ఏడు సీజన్లు గెలిచినవాటి కన్నా ఓడిన మ్యాచ్‌లే ఎక్కువ. అయినా లింకన్ నగరంలోని మెమోరియల్ స్టేడియంలో టికెట్లు మిగిలిపోయిన రోజు రాలేదు. 1962 నవంబరులో మొదలైన ఆ ‘హౌస్‌ఫుల్’ వరుస 400 మ్యాచ్‌లు దాటి ఇంకా సాగుతోంది. కొన్ని మ్యాచ్‌లకు మిగిలే టికెట్లను దాతలు కొని పేద పిల్లలకు ఇప్పించిన మాట నిజమే. ఓడే జట్టు కోసం జేబులోంచి తీసి ఇచ్చేవాళ్లు దొరకడం కూడా అభిమానానికి కొలతే. ఆ రాష్ట్రంలో ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు గానీ, ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు గానీ లేదు. శనివారం ఆ ఒక్క స్టేడియంలో చేరే సుమారు 85 వేల మంది కన్నా ఎక్కువ జనాభా ఉన్న ఊళ్లు రాష్ట్రం మొత్తంలో ఒమాహా, లింకన్ మాత్రమే.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ భవిష్యత్తు గురించి ఏ చర్చ పెట్టినా మొదట వినిపించే భయం ఒకటుంది: ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం మొదలైంది, ఇక అభిమానులు ఉండరని. ఆ భయానికి ఆధారం లేదు. అభిమానిని ఆటకు దూరం చేస్తున్న కారణాలు వేరే ఉన్నాయి. అవి ఆటగాడి జీతం కన్నా చాలా ముందే మొదలయ్యాయి.

ముందుగా డబ్బు సంగతి. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో, కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ వెంటనే జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకుని ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలు వచ్చింది. దీన్నే అందరూ ఎన్ఐఎల్ అంటున్నారు. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ కేసు ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం. ఇప్పటి ఆటగాళ్లకు ఒక్కో యూనివర్సిటీ నేరుగా మొదటి ఏడాది (2025-26) 2.05 కోట్ల డాలర్ల వరకు పంచే వీలు. ఆ పరిమితి ఏటా కొంత పెరుగుతుంది. పెద్ద కాలేజీల్లో ఇందులో నాలుగింట మూడు వంతుల దాకా ఫుట్‌బాల్‌కే పోతోంది. అంటే ఒక జట్టుకు కోటిన్నర డాలర్ల పైమాటే. లక్ష మంది కూర్చునే స్టేడియాలు కట్టి, కోచ్‌లకు ఏడాదికి కోటి డాలర్లిచ్చే రంగంలో మైదానంలో ఎముకలు విరగ్గొట్టుకునేవాళ్లకు వాటా రావడం న్యాయం. అది ఇంకా ముందే రావలసింది.

ఇప్పుడు తేదీలు చూడండి. పెద్ద డివిజన్‌లో స్టేడియాలకు వచ్చే జనం సగటు 2014 నుంచి 2018 దాకా తగ్గుతూ వచ్చింది. అప్పటికి ఆటగాళ్లకు ప్రకటనల సంపాదన గానీ, ఆదాయంలో వాటా గానీ లేదు. కాబట్టి జనం తగ్గడానికి కారణం ఇంకెక్కడో వెతకాలి.

వెతికితే చేరేది 1984కి. అంతవరకు ఏ మ్యాచ్ టీవీలో రావాలో, ఒక జట్టు ఎన్నిసార్లు కనిపించాలో ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కి సుప్రీంకోర్టులో గెలవడంతో ఆ పట్టు పోయింది. టీవీ హక్కులు కాన్ఫరెన్సుల చేతికి వచ్చాయి. అప్పటి నుంచి కాన్ఫరెన్స్ అంటే పక్క రాష్ట్రాల కాలేజీల కూటమి అన్న అర్థం పోయి, టీవీకి అమ్మే సరుకుగా మారిపోయింది. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2023 నుంచి ఏడేళ్లకు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో కుదుర్చుకున్న ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైనే. ఆ ధర పలకాలంటే లాస్ ఏంజెలెస్ మార్కెట్ కావాలి. అందుకే 2024లో యూఎస్‌సీ, యూసీఎల్ఏ, వాటితో పాటు ఆరెగాన్, వాషింగ్టన్ పసిఫిక్ తీరం వదిలి బిగ్ టెన్‌లో చేరాయి. ఇప్పుడు యూసీఎల్ఏకు న్యూజెర్సీలోని రట్గర్స్ ‘సొంత కాన్ఫరెన్స్’ జట్టు. మధ్య దూరం దాదాపు 4,000 కిలోమీటర్లు, గడియారంలో మూడు గంటల తేడా. శతాబ్దం పైబడిన పాక్-12 కాన్ఫరెన్స్‌లో ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలి, బాయిసీ స్టేట్ లాంటి కొత్త జట్లను పోగుచేసుకుని మళ్లీ నిలబడవలసి వచ్చింది.

అభిమాని నిష్ఠ దెబ్బతినేది ఇక్కడే. కాలేజీ ఫుట్‌బాల్ అభిమాని ఆటగాడి చుట్టూ తిరగడు. ఆటగాడు నాలుగైదేళ్లకు మించి ఉండడని అతనికి మొదటి నుంచీ తెలుసు. అతను పట్టుకుని ఉండేది మూడింటిని: చోటు, తేదీ, ఎదుటి జట్టు. ఆ ఎదుటి జట్టు కూడా ఆఫీసులో పక్క కుర్చీలో, పెళ్లి సంబంధంలో, వీధి చివర ఇంట్లో ఉండాలి. ఏడాదంతా దెప్పిపొడవడానికి మనిషి కావాలి మరి. మిషిగన్ అభిమానికి ఓహయో స్టేట్ మీద గెలిస్తే మిగతా సీజన్ ఎలా పోయినా ఓదార్పే. రట్గర్స్ మీద గెలిచినందుకు లాస్ ఏంజెలెస్‌లో ఎవరిని ఏడిపించాలి?

ఓక్లహామా, ఓక్లహామా స్టేట్ కాలేజీల మధ్య కారులో గంటన్నర ప్రయాణం. 1910 నుంచి ఒక్క ఏడాదీ తప్పకుండా ఆడుకున్న ఆ దాయాదులు 2023 తర్వాత ఆగిపోయారు, ఓక్లహామా ఎస్ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్లడం వల్ల. టెక్సస్ కూడా ఎస్ఈసీకి మారడం మరోచోట మేలు చేసింది. 1894లో మొదలై 2011తో తెగిపోయిన టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పోరు 2024 నవంబరు 30న ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో మళ్లీ జరిగింది. టెక్సస్ 17-7తో గెలిచింది. పన్నెండేళ్లు ఆడకపోయినా ఆ పగ చల్లారలేదు. ఏ అండ్ ఎం విద్యార్థులు మ్యాచ్ మొత్తం నిలబడే చూస్తారు. 1922లో రిజర్వ్ ఆటగాళ్లు తక్కువై, అవసరమైతే దిగుతానని గ్యాలరీ నుంచి వచ్చి చివరిదాకా సిద్ధంగా నిలబడ్డ కింగ్ గిల్ గుర్తుగా వచ్చిన ఆచారం అది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అక్కడికి ఎంఎస్‌కు వెళ్లిన మన విద్యార్థి ఆట నియమాలు తెలియకముందే ఆ గ్యాలరీలో నిలబడి అరవడం నేర్చుకుంటాడు.

తేదీ విషయానికొస్తే, ఊరి తిరునాళ్ల తేదీ మార్చి జనం రాలేదంటే తప్పు జనానిది కాదు. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ మధ్య ఆపిల్ కప్ నవంబరు చివర జరిగేది. కాన్ఫరెన్సులు వేరయ్యాక ప్రత్యేక ఒప్పందంతో బతికింది గానీ 2024లో సెప్టెంబరు నడిమికి జరిగింది. సీజన్ బరువంతా మోసే చివరి మ్యాచ్, సీజన్ ఆరంభంలో వచ్చే అనేక మ్యాచ్‌లలో ఒకటయింది.

ఏ రోజన్నది తెలిసినా ఏ గంటకన్నది తెలియదు. చాలా మ్యాచ్‌ల సమయాన్ని టీవీ సంస్థలు 12 రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు మాత్రమే చెబుతాయి. మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్ అయితే నాలుగు గంటలు కారు నడిపి వచ్చే కుటుంబం తెల్లవారుజామున బయలుదేరాలి. పార్కింగ్ స్థలంలో పొయ్యి పెట్టి, మాంసం కాల్చి, పక్కవాళ్లతో పంచుకుని తినే టెయిల్‌గేట్‌కు వేళ ఉండదు. రాత్రి మ్యాచ్ అయితే హోటల్ గది కావాలి. ఆ ఊళ్లలో మ్యాచ్ రోజు గదులకు కనీసం రెండు రాత్రుల అద్దె అడగడం మామూలే. లోపలికెళ్లాక మూడున్నర గంటలు. అందులో టీవీ ప్రకటనల విరామాలు ఎన్నో. ఎర్ర టోపీ మనిషి మైదానం అంచున వచ్చి నిలబడితే ప్రకటనలు అయ్యేదాకా ఆట మొదలవదు. 2023లో ఫస్ట్ డౌన్ (జట్టు పది గజాలు ముందుకెళ్లి మళ్లీ నాలుగు ప్రయత్నాలు సంపాదించడం) రాగానే గడియారం ఆపే పద్ధతిని తీసేశారు, ప్రతి అర్ధభాగం చివరి రెండు నిమిషాలు మినహా. ఆడే ఆట కొంచెం తగ్గింది, ప్రకటనలు తగ్గలేదు. వేటిని కోయాలో తెలిసి కూడా ఆటనే కోయడం అభిమాని పట్ల అన్యాయం.

ధర ఇంకో దూరం. సీజన్ టికెట్ అంటే టికెట్ వెల ఒక్కటే కాదు. మంచి సీటు కొనే హక్కు కోసం ఏటా అథ్లెటిక్ విభాగానికి విరాళం ఇవ్వాలి, పార్కింగ్‌కు మళ్లీ వేరే. 2017 చివరి దాకా ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది. కొత్త పన్ను చట్టం దాన్ని రద్దు చేసింది. ఆటగాళ్ల వాటా ఖర్చు చూపి టెనెసీ యూనివర్సిటీ 2025 సీజన్ టికెట్ల మీద పది శాతం ‘టాలెంట్ ఫీజు’ వేసింది. టీవీ డబ్బు పెరిగిన కాలంలోనే ఆ భారం సీటు మీద పడటం నాకు మింగుడుపడని విషయం. ఇంతా కట్టిన మనిషికి చూపించే ఏడు సొంతగడ్డ మ్యాచ్‌లలో రెండు మూడు డబ్బిచ్చి పిలిపించుకున్న చిన్న జట్లతో. అప్పుడప్పుడు అవే తల బొప్పి కట్టిస్తాయి: 2024లో 14 లక్షల డాలర్లు తీసుకుని వచ్చిన నార్తరన్ ఇల్లినాయ్ 16-14తో నోటర్‌డామ్‌ను ఓడించి వెళ్లింది. 2026 నుంచి ఎస్ఈసీ తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు మారడం ఈ విషయంలో అభిమానికి దక్కిన మేలు.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) గురించి తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. 2024 నుంచి ఆటగాడు ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చు, ఏడాది కూర్చోనక్కర్లేదు. దీనివల్ల పెద్దవాళ్లే బాగుపడతారన్నారు. ఇండియానా అందుకు జవాబు. అప్పటిదాకా పెద్ద జట్లలో చరిత్రలోనే అత్యధిక ఓటములున్న ఆ జట్టు 2023లో 3-9 (మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు). కోచ్ కర్ట్ సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన ఆటగాళ్లను వెంట తెచ్చుకుని మరుసటి ఏడాదే 11-2 చేశాడు. 2025 సీజన్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ (బర్క్‌లీ) నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) ఫెర్నాండో మెండోజాతో ఒక్క ఓటమీ లేకుండా జాతీయ టైటిల్ గెలిచింది. వేరే కాలేజీ నుంచి వచ్చాడని మెండోజాను ఇండియానా యూనివర్సిటీ ఊరు బ్లూమింగ్టన్‌లో ఎవరూ పరాయివాడిగా చూడలేదు.

పోర్టల్‌లో అసలు జబ్బు క్యాలెండర్‌ది. ఆటగాళ్లు మారే సమయం, కోచ్‌లను ఎత్తుకుపోయే సమయం, ప్లేఆఫ్‌లు (టైటిల్ తేల్చే నాకౌట్ మ్యాచ్‌లు) ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 2025 నవంబరు 30న కోచ్ లేన్ కిఫిన్ ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ)ను వదిలి ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్)కు వెళ్లాడు, అదీ తన జట్టు ప్లేఆఫ్ గుమ్మంలో ఉండగా. జాతీయ ఫైనల్ అయ్యేదాకా కోచ్‌ల నియామకాలు ఆపితే సగం గొడవ తీరుతుంది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని నష్టం ఇంకొకటుంది. హౌస్ ఒప్పందం జట్టును 105 మందికి పరిమితం చేసింది. ఇంతకుముందు 85 స్కాలర్‌షిప్పులకు తోడు, సొంత ఖర్చుతో చేరే ‘వాక్-ఆన్’ కుర్రాళ్లు ఎంతమందైనా ఉండేవారు. నెబ్రాస్కాలో ఆ సంప్రదాయం బలమైనది. ఏ మొక్కజొన్న ఊరి నుంచో ఒక కుర్రాడు జట్టులో ఉంటే, వాడు ఆడినా ఆడకపోయినా ఆ ఊరంతా శనివారం లింకన్ దారి పట్టేది. ఇలాంటి స్థానాలు ఇరవై ముప్పై తీసేస్తే ఆదా అయ్యేది కొంత. తెగేది ఊళ్లతో ఉన్న బంధం.

12 జట్ల ప్లేఆఫ్ మాత్రం అనుకోకుండా సరైన దారి చూపింది. 2024 డిసెంబరులో మొదటి రౌండ్ నాలుగు మ్యాచ్‌లు సౌత్‌బెండ్, స్టేట్ కాలేజ్, ఆస్టిన్, కొలంబస్‌లలో, కాలేజీల సొంత స్టేడియాల్లో జరిగాయి. చలిలోనూ గ్యాలరీలు కిటకిటలాడాయి. క్వార్టర్‌ఫైనల్స్ ఇంకా దూరపు తటస్థ ‘బౌల్’ వేదికల్లోనే పెడుతున్నారు. మూడు వారాల వ్యవధిలో రెండు మూడు విమాన ప్రయాణాలు సామాన్య కుటుంబం వల్ల కాదు. జట్ల సంఖ్య 16 చేయాలా వద్దా అన్నదాని కన్నా క్వార్టర్‌ఫైనల్స్‌ను కూడా కాలేజీ స్టేడియాలకు తేవడం ముఖ్యం.

బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30తో ముగుస్తుంది. బిగ్ 12 కాన్ఫరెన్స్‌ది ఆ మరుసటి ఏడాది. కొత్త సంతకాలకు ముందు జరిగే బేరంలో యూనివర్సిటీ అధ్యక్షులు మూడు షరతులు రాయించుకోవచ్చు: కాన్ఫరెన్స్ ఏదైనా ఒక దాయాది జట్టుతో నవంబరులో మ్యాచ్ ఉండి తీరాలి, మ్యాచ్ గంట కనీసం ఆరు వారాల ముందు ప్రకటించాలి, విద్యార్థుల గ్యాలరీని టీవీ కోసమో ఖరీదైన సీట్ల కోసమో కుదించకూడదు. మూడింటికీ టీవీ సంస్థలు ధర కొంత కోస్తాయి. ఆ కోతను భరించగల ఆదాయం ఆ రెండు పెద్ద కాన్ఫరెన్సులకు ఇప్పటికే ఉంది.